పోలండ్ ట్యాంకులు, లెగసీ సిస్టమ్, మా అన్నయ్య

ఈసారి దేని మీద రాస్తున్నావని క్లబ్ గ్రూపులో అడిగితే "పోలండ్ సైన్యం" అన్నాను. నాలుగు నవ్వు ఎమోజీలు వచ్చాయి. వర్షం మీదో, మెస్ సాంబార్ మీదో రాస్తాననుకున్నట్టున్నారు.

నిజానికి ఈ టాపిక్ నాకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ క్లాసులో తగిలింది. లెగసీ సిస్టమ్ అంటే ఏంటో సార్ బ్యాంకుల ఉదాహరణతో చెప్పారు. కోడ్ పాతది, మెషిన్లు పాతవి, వాటి సంగతి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే రిటైరైపోతుంటారు, కానీ ఒక్క రోజు కూడా ఆపడానికి లేదు. నడుస్తుండగానే మొత్తం మార్చాలి. నాకైతే బ్యాంకు కంటే పోలండ్ సైన్యమే ఈ ఉదాహరణకి బాగా సరిపోతుందనిపించింది.

1991 దాకా పోలండ్ వార్సా ఒప్పందం దేశం. అంటే వాళ్ల టీ-72 ట్యాంకులు, బీఎంపీ-1 బండ్లు, మిగ్-29 విమానాలు అన్నీ సోవియట్ డిజైన్లే. (మనకీ ఇవి దూరపు చుట్టాలేం కాదు. బీఎంపీ-1కి తమ్ముడైన బీఎంపీ-2ని మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారుచేశారు.) 1999 మార్చి 12న పోలండ్ నాటోలో చేరింది. సంతకం పెడితే కూటమి మారింది కానీ, షెడ్లలో బండ్లు మారవు కదా. టీ-72 ఫిరంగి గొట్టం 125 మిల్లీమీటర్లు, నాటో ట్యాంకులది 120. ఐదు మిల్లీమీటర్లే కదా అనుకోకండి. ఆ ఐదు వల్ల పక్క దేశం గోదాములో గుండ్లు గుట్టలుగా ఉన్నా మీకు ఒక్కటీ పనికిరాదు.

మొదట్లో చేతిలో డబ్బు లేక సర్దుకున్నారు. జర్మనీ తనకి అక్కర్లేని మిగ్-29లను ఒక్కోటి ఒక్క యూరోకి ఇస్తే తెచ్చుకున్నారు. సెకండ్ హ్యాండ్ లెపర్డ్-2 ట్యాంకులు 128 కూడా అక్కడి నుంచే. 2003లో అమెరికాతో 48 ఎఫ్-16లకి ఒప్పందం. పాతదాని పక్కన కొత్తది, ప్యాచ్ మీద ప్యాచ్. అచ్చం మన మినీ ప్రాజెక్టుల్లాగే.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి వచ్చాక ఆ నింపాది పోయింది. పోలండ్ తన టీ-72లలో 200కు పైగా తీసి ఉక్రెయిన్‌కి ఇచ్చేసింది. కొత్త సర్వర్ రాకముందే పాత సర్వర్ పీకి పక్కింటికి ఇచ్చినట్టు. ఆ వేసవిలోనే దక్షిణ కొరియాతో 1000 కే2 ట్యాంకులు, 672 కే9 శతఘ్నుల ఫ్రేమ్‌వర్క్ మీద సంతకాలు చేసింది. ఆగస్టులో 180 కే2లకి అసలు కాంట్రాక్ట్ అయింది, డిసెంబర్ మొదటి వారానికల్లా మొదటి పది ట్యాంకులు గ్దీనియా రేవులో దిగాయి. నాలుగు నెలలు! హాస్టల్ వైఫై రూటర్ మారడానికి ఎన్నాళ్లు పట్టిందో ఇక్కడ చదివే అందరికీ తెలుసు. దీనికి అమెరికా నుంచి 250 ఏబ్రమ్స్ ట్యాంకులు, 96 అపాచీ హెలికాప్టర్లు కలపండి. 32 ఎఫ్-35లకైతే 2020లోనే సంతకం పెట్టేశారు. 2024లో పోలండ్ జీడీపీలో నాలుగు శాతానికి పైగా రక్షణకే ఖర్చు పెట్టింది. నాటోలో అదే అందరికంటే ఎక్కువ వాటా. అందులో కొంత భాగం అప్పు.

ఇంత కంగారు ఎందుకని మా పెద్దమ్మ కొడుకుని అడిగాను. అన్నయ్య లుబ్లిన్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. అక్కడి నుంచి ఉక్రెయిన్ బోర్డర్ సుమారు వంద కిలోమీటర్లు. "వీళ్ల దేశం 123 ఏళ్లు మ్యాప్‌లోనే లేదే, నీకు తెలుసా?" అన్నాడు. 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకుంటే 1918లో మళ్లీ వచ్చింది. 1939 సెప్టెంబర్ 1న పడమర నుంచి జర్మనీ, 17న తూర్పు నుంచి సోవియట్ సేనలు వచ్చి మళ్లీ మింగేశాయి. పోలండ్ అశ్వికులు కత్తులు పట్టుకుని ట్యాంకుల మీదికి దూకారన్న కథ ఇప్పటికీ మీమ్స్‌లో తిరుగుతుంటుంది. అది అబద్ధం. క్రొయాంతి దగ్గర వాళ్లు దాడి చేసింది కాలిబంట్ల మీద, తర్వాత వచ్చిన సాయుధ వాహనాలు వాళ్లని కాల్చేశాయి.

వాళ్లేమీ వెనకబడిన బుర్రలు కావు. జర్మన్ ఎనిగ్మా అనగానే మనకి ట్యూరింగ్ గుర్తొస్తాడు. కానీ 1932 డిసెంబర్‌లోనే సైన్యం వాడే ఎనిగ్మా గుట్టు పట్టుకున్నది మరియన్ రెయెవ్‌స్కీ అనే పోలిష్ గణితవేత్త. తోడుగా జిగాల్‌స్కీ, రుజిత్‌స్కీ. యుద్ధానికి ఐదు వారాల ముందు వార్సా దగ్గర అడవిలో బ్రిటన్, ఫ్రాన్స్ వాళ్లని కూర్చోబెట్టి తమకి తెలిసిందంతా ఇచ్చేశారు. ఆ పని తర్వాత మిత్రదేశాలకి ఉపయోగపడింది. పోలండ్ మాత్రం కొన్ని వారాల్లోనే పడిపోయింది. మన సిలబస్‌లో ఆ ముగ్గురి పేర్లు ఎందుకు లేవో నాకు అర్థం కాదు.

ఇక కొనేసిన సరుకు సంగతి. లిస్టు చూస్తే నాకూ వావ్ అనిపించింది, ఆ వీడియోలు రాత్రి రెండింటిదాకా చూశాను. కానీ కొంచెం ఆగి ఆలోచిస్తే, ఒకే సైన్యంలో మూడు రకాల ట్యాంకులు. ఏబ్రమ్స్‌ది గ్యాస్ టర్బైన్ ఇంజను, నలుగురు మనుషులు, గుండు చేత్తో ఎక్కించాలి. కే2ది డీజిల్, ముగ్గురు చాలు, గుండు మెషినే ఎక్కిస్తుంది. లెపర్డ్ ఇంకో దారి. స్పేర్ పార్ట్స్ వేరు, మెకానిక్ ట్రైనింగ్ వేరు. గుండు సైజు ఒకటే కావడం ఒక్కటే ఊరట. ముగ్గురు టీమ్‌మేట్స్ ఒకే ప్రాజెక్టుని జావాలో, పైథాన్‌లో, సీ ప్లస్ ప్లస్‌లో రాసుకొస్తే డెమో ముందు రాత్రి ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

అందుకే నాకు ట్యాంకుల కన్నా టోపాజ్ ఎక్కువ నచ్చింది. అది పోలండ్‌లోనే డబ్ల్యూబీ గ్రూప్ చేసిన సాఫ్ట్‌వేర్ వ్యవస్థ. డ్రోన్ చూసిన టార్గెట్ వివరాలు తీసుకుని, లెక్కలు కట్టి, ఫిరంగికి పంపుతుంది. సొంత క్రాబ్ శతఘ్నుల్లో అదే, కొరియా నుంచి తెచ్చిన కే9ల్లోనూ, చున్మూ రాకెట్ లాంచర్లలోనూ అదే పెట్టించారు. హార్డ్‌వేర్ ఎవరిదైనా, మధ్యలో మాట్లాడే పొర మాత్రం తమది. ఆ మొత్తం షాపింగ్‌లో తెలివైన పని ఏదంటే నేను ఇదే అంటాను.

2025 సెప్టెంబర్ 10 తెల్లవారుజామున దాదాపు ఇరవై రష్యన్ డ్రోన్లు పోలండ్ గగనతలంలోకి వచ్చాయి. పోలిష్ ఎఫ్-16లు, నెదర్లాండ్స్ ఎఫ్-35లు లేచి కొన్నింటిని కూల్చాయి. లుబ్లిన్ ఎయిర్‌పోర్ట్ మూసేశారు. టీవీలో చూసి పెద్దమ్మ వరసగా ఫోన్లు. అన్నయ్య నిద్రలోనే ఎత్తి, "ఏం లేదమ్మా, నాకు డ్యూటీకి టైమవుతోంది" అన్నాడట. పెద్దమ్మ ఆ రోజు అన్నం తినలేదు. నేను మాత్రం, సిగ్గు లేకుండా చెప్తున్నా, లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. వచ్చినవాటిలో చాలావరకు ఫోమ్‌తో, ప్లైవుడ్‌తో చేసిన చవకరకం. వాటిని కొట్టే ఒక్కో మిస్సైల్ లక్షల డాలర్లు. ఇరవైకి సరే. రెండు వేలు వస్తే? ఆ అల్గారిథం స్కేల్ అవ్వదు. 32 ఎఫ్-35లు తెచ్చుకున్నా అవ్వదు.

మనుషుల లెక్క ఇంకొకటుంది. సైన్యాన్ని 3 లక్షలకి పెంచాలని వాళ్ల టార్గెట్, అందుకని స్టూడెంట్స్‌కి సెలవుల్లో నాలుగు వారాల ట్రైనింగ్ పెట్టారు. అన్నయ్య ల్యాబ్‌లో ఒక పోలిష్ అబ్బాయి వెళ్లొచ్చాడు. మనం సెలవుల్లో ఆన్‌లైన్ సర్టిఫికెట్లు పోగేసుకుంటామే, ఆ వయసే. ఏం నేర్పారని అన్నయ్య అడిగితే రైఫిల్, ఫస్ట్ ఎయిడ్, మ్యాప్ చదవడం అన్నాడట.

"మరి డ్రోన్?"

"అది నాకు ముందే వచ్చు, ఇంట్లో మూడున్నాయి" అన్నాడట.