బెండిగో పట్టణమందలి షాంరాక్ హోటలు

బంగారమనినంతనే సోదరీమణులకు చెవికమ్మలో, పుస్తెలతాడో, అక్కరకు కుదువబెట్టుకొను ధైర్యమో మనస్సునకు వచ్చును. అది ఏ నేలలోనుండి వెడలినది, దానిని త్రవ్వినవారు ప్రొద్దుక్రుంకిన పిదప ఎచట తల వాల్చిరి అను విచారము మనకంతగా కలుగదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున బెండిగో అను పట్టణము కలదు. బంగారముచే పుట్టి, బంగారముచే పెరిగిన యూరది. అచటి గనిని చూడబోయిన మేము గని చేరకముందే ఒక హోటలు నెదుట చాలసేపు నిలిచిపోతిమి. దాని పేరు షాంరాక్.

మెల్బోర్నులో కాపురమున్న మా మరిది యింటినుండి ఉదయముననే రైలెక్కితిమి. దూరము సుమారు 150 కిలోమీటర్లు. రెండు గంటల ప్రయాణము. ఈ రైలుదారి 1862లోనే పడినది. అంతకు పూర్వము బండ్లమీదను, కాలినడకను ఈ దారిబట్టి పోయినవారి సంఖ్య వేలు. ఆ నేల తరతరములుగ జాజా ఉరుంగ్ అను ఆదివాసులది. తెల్లవారు దానిని గొఱ్ఱెల మేతకై ఆక్రమించుకొనిరి. 1851లో వాగుగట్టున బంగారు రజను కనబడగా, మేతభూమి గుడారముల బస్తీగా మారినది.

ఇచట మన పాఠకురాండ్రకు రుచించు సంగతి యొకటి చెప్పవలెను. ఆ బంగారము మొదట ఎవరి కంటబడినదని పిమ్మట పెద్ద వివాదము పుట్టి, 1890లో అచటి శాసనసభవారొక సంఘమును నియమించి విచారింపజేసిరి. నిష్కర్షగా తేలలేదు. కాని మొదటివారమని చెప్పబడినవారిలో నిద్దరు గృహిణులు కలరు. ఒకరు మేతభూమిపై అధికారియొక్క భార్య మార్గరెట్ కెన్నెడీ. రెండవవారు జూలియా ఫారెల్. వేలకొలది మగవారి గుంపునకు ముందుగ ఈ యిద్దరు స్త్రీలు వాగులో మన్ను కడుగుచుండుట ఊహించుకొనిన మాకు నవ్వును, ఒకింత గర్వమును గూడ కలిగినవి.

ఇక హోటలు మాట. షాంరాక్ అనగా మూడాకుల చిన్న మొక్క. ఐర్లండు దేశస్థులకు జాతిచిహ్నము. 1850ల నడుమ ఊరికి సరియైన వీధులు కుదురుకొనకమునుపే ఈ పేరుగల బసయిల్లు వెలసినది. అందొక పాటల మందిరముండెడిది. చార్లెస్ థాచర్ అను గాయకుడు గనిపనివారి కష్టములను, వారిని పీడించు పోలీసులను గూర్చి పరిహాసపు పాటలు కట్టి అచట పాడెడివాడట. ఇల్లు వాకిలి లేని జనమునకు అదియే యిల్లు, అదియే నాటకశాల, అదియే రచ్చబండ. మన పల్లెలలో పూటకూళ్లమ్మ యిల్లు పరదేశులకెట్టి దిక్కో, ఇదియు నట్టిదే. కాకున్న పూటకూళ్లమ్మ కల్లు పోయదు.

ఇపుడు మనకు గనుపించు నాలుగంతస్తుల మేడ 1897లో లేచినది. అంతకు ఆరేండ్ల క్రితమే, అనగా 1891లో, ఊరు తన దొరతనపు పేరైన సాండ్‌హర్స్ట్‌ను విడిచి, గనిపనివారు పిలుచుకొనిన బెండిగో నామమును తాల్చినది. వీధిమూల నిలిచిన యీ భవనమునకు మేడమీద వసారాలు. వాని అంచులకు పోతయినుముతో చేసిన అల్లికపని. దూరమునుండి చూచిన మా అమ్మమ్మ చేతి జాలీ అల్లికవలెనే తోచినది. లోపల మెట్లవరుస మిక్కిలి ఘనమైనది. పెండ్లివారు నలుగురు చేయిచేయి పట్టుకొని దిగవచ్చును.

ఈ యింటిని గూర్చి రెండు కథలు చెప్పుదురు. ఎదుటనున్న తపాలా కచేరి గోపురపు గడియారము రాత్రివేళ గంటలు కొట్టి నిద్ర చెఱచెనని ప్రసిద్ధ గాయని నెల్లీ మెల్బా మొఱపెట్టుకొనగా, దాని నోరు మూయించిరట. రెండవది మా మనస్సున నాటినది. గనివారి బూట్లకంటి వచ్చిన మట్టిని ప్రతిరాత్రియు ఊడ్చి, కడిగి, అందులోని రజనుచే యజమానులు వారమునకు నాలుగు పౌనులు గడించెడివారట. మనయూళ్ల కంసాలి వీధులలో మన్ను కడిగి పొట్టపోసుకొను జలగడుగువారిని చూచినవారికిది వింతగాదు. మనవద్ద ఆ మన్ను పేదవాని పాలబడును. అచట హోటలువారి పెట్టెలో చేరినది. చీపురు పట్టిన దాసికి ఏమి ముట్టెనో కథ చెప్పువారు చెప్పరు.

1970ల నాటికి ఈ మేడ జీర్ణించినది. పడగొట్టి క్రొత్త కట్టడము వేయుదురను మాట పుట్టినది. అపుడు విక్టోరియా ప్రభుత్వము దానిని కొని, పూర్వరూపము చెడకుండ బాగుచేయించినది. రాష్ట్ర వారసత్వ కట్టడముల పట్టికలో నెక్కినది. ఇది విని మా పంతులుగారు వీధిలోనే వాదమునకు దిగిరి. ‘‘గుడి గాదు, బడి గాదు, త్రాగుడు కొట్టునకు ప్రజల సొమ్మా?’’ అనిరి. త్రాగుడుచే చెడిన యిండ్లు మేమును చూచితిమి. ఆ మాట త్రోసివేయదగినది గాదు. అయినను ఆ వీధిలో నిలిచి చూడగా మాకింకొకటి తోచినది. తపాలా కచేరి, న్యాయస్థానము దొరతనమువారు కట్టినవి. వానిని వారే కాపాడుకొందురు. బెండిగో నేలనుండి వెడలిన సుమారు 2 కోట్ల 20 లక్షల ఔన్సుల బంగారము ఊరిలో నిలువలేదు. పాతగనులలో కడపటివి 1954లో మూతపడినవి. త్రవ్వినవాడు కూర్చుండి తిని, పాడి, పండుకొనిన యిల్లు మాత్రమే అతని గుఱుతుగా మిగిలినది. అదియు పోయిన, ఆ వీధిలో అధికారుల మేడలే గాని పనివాని జాడ యుండదు. పంతులుగారు ఒప్పుకొనలేదు, కాని మేడ మెట్లెక్కిరి.

కోలారు గనులు మాకప్పుడు జ్ఞప్తికి రాక మానలేదు. చిత్తూరు సీమనుండి ఎన్నియో తెలుగు కుటుంబములు అచటికి పొట్టచేత బట్టుకొని పోయినవి. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు పని మొదలుపెట్టిరి. పిమ్మట మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు త్రవ్వకము సాగినది. 2001లో ఆ గనులు మూతపడినవి. దొరలుండిన బంగళాలలో పెక్కులు పాడుపడినవి. కూలివారు టీనీళ్లు త్రాగి కష్టసుఖములు చెప్పుకొనిన కొట్టొకటి యైన పట్టికలో నెక్కవలెనని కోరువారెవరైన కలరేని, ఆ యింటి ఆడువారినడిగి అచటి ముచ్చట్లు వ్రాసి యుంచుట మంచిది. గోడకంటె ముందు మాట కూలిపోవును.

షాంరాకులో నేటికిని గదులద్దె కిత్తురు. క్రింద భోజనశాల కలదు. మద్యము ముట్టనివారిని వింతగా చూడరు. మేము కాఫీ త్రాగి, సెంట్రల్ డెబొరా గనికి పోతిమి. భూమిలోనికి దిగిన సంగతి మరియొక మాసమున వ్రాసెదము.