ఈ సీజన్లో మన బడుల ఆటలు మనమే రాద్దాం

 జై ఆదివాసీ.

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చేసుకుని చదవండి. చివర్లో ఒక పని అడుగుతాం, ఇదంతా దానికోసమే.

మేం రాజమండ్రిలో ఎస్టీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఆరుగురం. నలుగురం కోయలం, ఇద్దరం కొండరెడ్లం. తలో మండలం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. అందరం ఆశ్రమ పాఠశాలల్లోనో గురుకులాల్లోనో చదివి, అక్కడి మట్టి కోర్టుల్లో ఆడి వచ్చినవాళ్ళమే. ఈ వేసవి సెలవుల్లో తునికాకు కోతకి పోయినోళ్ళం, జీడిమామిడి తోటల్లో పనిచేసినోళ్ళం, ఎవరి ఊళ్ళో వాళ్ళం భూమి పండగ చూసుకుని హాస్టల్‌కి తిరిగొచ్చాం. వచ్చాక రోజూ రాత్రి అన్నం తిన్నాక కూర్చుని మాట్లాడుకున్నది ఒకటే, ఈ ఏడాది మన బడి పిల్లల ఆటల వార్తలు మనమే రాయాలని.

జూన్ 12న బడులు తెరుస్తారు. తెరిచాక ఒకటి రెండు నెలల్లో మండల స్థాయి పోటీలు మొదలవుతాయి. అండర్-14, అండర్-17. అక్కడ ఎంపికైనవాళ్ళు పై మెట్టుకి, అట్లా రాష్ట్రానికి, చివరికి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జాతీయ పోటీల దాకా పోవచ్చు. ఏకలవ్య బడులకి, గురుకులాలకి వేరే పోటీలు కూడా ఉంటాయి. ఫుట్‌బాల్ ఆడే బడులు మన వైపు తక్కువ. మనవి కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, పరుగు పందేలు. ఇవన్నీ మొదలయ్యాక హడావుడి పడితే ఏమీ కాదు. ప్లాన్ ఏదైనా ఇప్పుడే వేసుకోవాలి.

ఇప్పుడు వార్త ఎట్లా వస్తుందో మీకు తెలియంది కాదు. "మండలంలో క్రీడా పోటీలు ఘనంగా ప్రారంభం". తర్వాత ముఖ్య అతిథి పేరు, ఆయన పక్కన కూర్చున్నవాళ్ళ పేర్లు, జ్యోతి వెలిగించింది ఎవరు, శాలువా కప్పింది ఎవరు. క్రీడల వల్ల మానసికోల్లాసం కలుగుతుందని ఒక మాట. ఆఖర్న "విజేతలకు బహుమతులు అందజేశారు". ఆ విజేతలెవరు? స్కోరెంత? ఓడిన జట్టు ఏ బడిది? ఏమీ ఉండదు. ఫొటోలో పెద్దవాళ్ళు కుర్చీల్లో ఉంటారు, ఆడినోళ్ళు వెనకాల తలలు మాత్రం కనపడేటట్టు నిలబడతారు.

దీనికి విలేకరి అన్నని తిట్టి లాభం లేదు. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖలో మొదలైంది. 1989 నుంచి జిల్లాకో ప్రత్యేక పేజీలు ఇవ్వడంతో చిన్న ఊరి వార్తకి కూడా పేపర్లో చోటొచ్చింది. మిగతా పేపర్లూ అదే దారి పట్టాయి. ఆ పేజీలు నింపేది మండలాల్లో ఉండే కంట్రిబ్యూటర్లు. మీటింగులు, యాక్సిడెంట్లు, వరదలు, ఆటలు, అన్నీ ఒక్కరే చూడాలి. పొద్దున ప్రారంభానికి వచ్చి ఫొటో తీసుకుని పోతారు, సాయంత్రం ఫైనల్ దాకా ఉండలేరు. ఉండగలిగినోళ్ళం మనమే. ఫైనల్ అయ్యాక సరిగ్గా రాసిన పది లైన్లు పేర్లతో సహా ఆయన ఫోన్‌కి వెళ్తే, వద్దనడానికి ఆయనకి కారణం ఉండదు.

ఇక్కడ మాలోనే ఒకడు అడ్డం తిరిగాడు. "పేపర్లో వస్తే ఏమొస్తదిరా? క్రీడా కోటాకి కటింగు చూపిస్తే సీటిస్తారా? సర్టిఫికెట్ ఉంటే చాలు" అన్నాడు. వాడన్నది నిజమే. కోటాకి సర్టిఫికెట్టే కావాలి, కటింగు చెల్లదు. అయితే సర్టిఫికెట్ దాకా పోవాలంటే ముందు ఆ పిల్ల ఆటలో మిగలాలి కదా. మండలంలో బాగా ఆడిన అమ్మాయిని పై పోటీలకి పంపడానికి ఇంట్లో ఒప్పుకోవాలి. పది అయ్యాక పెళ్ళో కూలో అనకుండా చదువుకి పంపాలి. అట్లా ఒప్పించడంలో ఒక కాగితం ముక్క ఎంత పనిచేస్తదో మాలో ఇంకొకడు చెప్పాడు.

వాడి చెల్లెలు రెండేళ్ళ క్రితం కబడ్డీలో జిల్లా దాకా ఆడింది. ఒక పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. వాళ్ళ నాన్న ఆ ముక్క కత్తిరించి రేషన్ కార్డు కవర్లో పెట్టుకున్నాడు. ఆయనకి చదువు రాదు. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపిస్తాడు. అందులో ఆ పిల్ల పేరు తప్పు, ఇంటి పేరు తప్పు, ఊరు కూడా వేరే ఊరు పడింది. మావాడు ఇంటికెళ్ళినప్పుడల్లా నాన్న చదవమంటాడు. వీడు తప్పులన్నీ దిద్దుకుంటూ, చెల్లి పేరు సరిగ్గా పలుకుతూ చదువుతాడు. ఇప్పటిదాకా నాన్నకి చెప్పలేదు. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. "మా అమ్మాయి పేపర్లో పడింది, చదువు మాన్పించను" అని ఆయన చుట్టాలందరితో అన్నాడంట. తప్పులతో ఉన్న నాలుగు లైన్లే అంత పని చేశాయి. సరిగ్గా ఉన్న నాలుగు లైన్లు ప్రతి ఊరికీ ఒకటి చేరితే ఎట్లా ఉంటదో ఆలోచించండి.

అందుకే మా ప్లాన్‌లో మొదటిది పేర్లు. మడకం వేరు, మడివి వేరు. సోడె వేరు, సోయం వేరు. పల్లాల, కత్తుల, కెచ్చెల అని చెబితే బయటివాళ్ళు వినపడినట్టు రాసేస్తారు. మనకి తెలుసు కాబట్టి మన దగ్గర తప్పు జరగకూడదు. మ్యాచ్‌కి ముందే పీఈటీ సార్ దగ్గర జట్టు జాబితా తీసుకుని, ఇంటి పేరు, పేరు, తరగతి, జెర్సీ నంబరు, బడి, ఊరు రాసుకోవాలి. తర్వాత ఆ పిల్లకే చూపించి "సరిగ్గా ఉందా చెల్లీ" అని అడగాలి. రెండు నిమిషాల పని.

ఊరి పేరు దగ్గర ఇంకో సంగతి ఉంది. పోలవరం ముంపులో దేవీపట్నం మండలం నుంచి, ఇంకా పై నుంచి లేచిపోయిన ఊళ్ళ పిల్లలు ఇప్పుడు కాలనీల్లో ఉంటున్నారు. వాళ్ళ ఆధార్‌లో ఒక ఊరు, అమ్మమ్మ నోట్లో ఒక ఊరు. ఆ పిల్ల చెప్పుకుంటే పాత ఊరి పేరు కూడా రాద్దాం. గోదారి కిందికి పోయిన ఊరు ఒక కబడ్డీ వార్తలోనైనా కనపడనీ.

రెండోది, ఆటని ఆటలాగా రాయడం. మన పిల్లల గురించి ఎప్పుడో ఒకసారి పెద్ద వార్త వస్తే దానికి "అడవి బిడ్డ", "మట్టిలో మాణిక్యం", "పూరి గుడిసె నుంచి" అని హెడ్డింగు పెడతారు. ఆ పిల్ల ఎట్లా ఆడిందో మాత్రం ఉండదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియా ఫుట్‌బాల్ జట్టుకి ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి కూడా వెళ్ళింది. ఆమె గురించి చదివేవాళ్ళకి తెలియాల్సింది వింగులో ఆమె పరుగు. మన బడి పిల్లకీ అదే మర్యాద ఇవ్వాలి. పేదరికం అందరికీ ఉంది. మూడో రైడులో ముగ్గురి మధ్య నుంచి గీత తాకి వచ్చింది ఆమె ఒక్కతే. అది రాయాలి.

షూ లేకపోవడం, గ్రౌండులో రాళ్ళు, తాగడానికి నీళ్ళు లేకపోవడం ఇవన్నీ దాచమని కాదు. వాటిని విడిగా, తేదీతో ఫొటోతో అర్జీ రాసి ఐటీడీఏ గ్రీవెన్స్‌లో ఇద్దాం. మ్యాచ్ వార్తలో కలిపితే రెండూ పలచబడతాయి.

ఆడినోళ్ళు రాయకూడదని ఎక్కడా లేదు. జైపాల్ సింగ్ ముండా పేరు మనం మీటింగుల్లో చెప్పుకుంటాం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్ ఆయన, ఆ ఏడాదే దేశానికి మొదటి హాకీ స్వర్ణం వచ్చింది. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున మాట్లాడారు. ఆయన ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో అక్కడి పత్రికలకి హాకీ మీద వ్యాసాలు కూడా రాశారు. దగ్గరి మాట చెప్పాలంటే, మన రాజమండ్రి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని మొదలుపెట్టినప్పుడు ఆయన చేసేది బడి పంతులు ఉద్యోగమే. రాయాలనుకున్నది రాయడానికి ఇంకొకరు వస్తారని ఆగలేదు.

మూడోది స్కోరు రాయడం నేర్చుకోవడం. కబడ్డీ మనకి ఆడటం వచ్చు, లెక్క రాయడం వేరే పని. రైడుకి 30 సెకన్లు. తాకిన ఒక్కొక్కరికి ఒక పాయింటు. ఆరుగురు, అంతకంటే ఎక్కువ డిఫెండర్లు ఉన్నప్పుడు బోనస్ గీత దాటితే ఒకటి. మొత్తం జట్టు అవుటైతే లోనా, ఇంకో రెండు. మేం హాస్టల్లో ఏం చేస్తున్నామంటే, ఫోన్లో పాత ప్రో కబడ్డీ మ్యాచ్ పెట్టి, స్కోరు కనపడకుండా కింద కాగితం అడ్డం పెట్టి, పది నిమిషాలు నోటుబుక్కులో రాస్తున్నాం. తర్వాత కాగితం తీసి సరిచూసుకుంటాం. మొదటి రోజు ఆరుగురికీ ఆరు స్కోర్లు వచ్చాయి. ఇప్పుడు నలుగురికి కలుస్తోంది. బడి పోటీల్లో టైము తగ్గిస్తారు, కొన్ని రూల్స్ వదిలేస్తారు కూడా, కాబట్టి మ్యాచ్‌కి ముందే రిఫరీ సార్ని అడిగి రాసుకోవాలి. వార్తకి కావాల్సింది ఇంతే: హాఫ్ టైమ్ స్కోరు, ఫైనల్ స్కోరు, ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఇద్దరు, బాగా పట్టిన ఒకరు, మ్యాచ్ ఎక్కడ తిరిగిందో ఒక వాక్యం. ఓడిన జట్టులో కూడా కనీసం ఒక్క పేరు ఉండాల్సిందే.

నాలుగోది జాగ్రత్త. వీళ్ళంతా పద్దెనిమిది నిండని పిల్లలు. హెచ్.ఎం. గారినో వార్డెన్ గారినో అడగకుండా కెమెరా తీయొద్దు. అమ్మాయిల ఫొటో అయితే జట్టు మొత్తం నిలబడిందే, వాళ్ళు సరే అంటేనే. ఒక్కరి క్లోజప్ వద్దు. ఫోన్ నంబర్లు, ఇంటి వివరాలు ఎక్కడా పెట్టొద్దు. అమ్మాయిల మ్యాచ్‌లకి మన అక్కలు వెళ్తే మంచిది. ఈ ఒక్క నియమం తప్పినా ఆ బడి గేటు మనకి మళ్ళీ తెరవరు, తెరవకపోవడమే న్యాయం.

ఇక దూరాలు. రంపచోడవరం వైపు ఈ మండలాలు: రంపచోడవరం, దేవీపట్నం, మారేడుమిల్లి, గంగవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, వై.రామవరం. చింతూరు వైపు నాలుగు: చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక. గోదారికి అవతల కె.ఆర్.పురం ఐటీడీఏ కింద అయిదు: బుట్టాయిగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు. మొత్తం 16. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఇవతలి ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, అవతలిది ఏలూరు జిల్లాలోకి పోయాయి.  జిల్లా పేజీలు జిల్లా గీతని బట్టి పోతాయి కాబట్టి, గోదారికి ఈ ఒడ్డున గెలిచిన పిల్ల పేరు ఆ ఒడ్డున మేనమామకి తెలియదు. ఆ గీతలు ఎన్నిసార్లు మారినా మన బడులు అవే, చుట్టాలూ అవే. 16 మండలాల ఫలితాలు ఒక్క చోట దొరికేది ఈ గ్రూపులోనే అయ్యేటట్టు చేద్దాం.

వరద సంగతి మర్చిపోవద్దు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చింది. సరిగ్గా పోటీల రోజుల్లోనే చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, వేలేరుపాడు దారులు మునుగుతాయి. అందుకే అక్కడికి రాజమండ్రి నుంచి ఎవరినీ పంపం. అక్కడే ఉండే వాళ్ళు ఇద్దరు కావాలి. సిగ్నల్ లేని బడి అయితే నోటుబుక్కులో రాసి, సిగ్నల్ దొరికే మిట్టకి వచ్చాక పంపండి. ఫోన్ చార్జింగు మీద నమ్మకం పెట్టుకోవద్దు, పెన్నులు రెండు పెట్టుకోండి.

రాసింది మూడు చోట్లకి పోవాలి. ఒకటి ఈ గ్రూపుకి. రెండు, ఆ మండలం కంట్రిబ్యూటర్ అన్నకి, వీలైనంత తొందరగా, ఎందుకంటే జిల్లా పేజీలు ముందే కట్టేస్తారు. మూడు, అన్నిటికంటే ముఖ్యం, ఆ బడికి. ఒక లాంగ్ నోటుబుక్ కొని ప్రతి బడిలో ఇద్దాం. అందులో తేదీ, మ్యాచ్, జట్టు, స్కోరు చేత్తో రాసి హెచ్.ఎం. గారి సంతకం తీసుకుందాం. పోస్టు కిందికి పోతది, పేపరు పొట్లం అయిపోతది. పదేళ్ళ తర్వాత ఇంకో పిల్ల ఆ పుస్తకం తిప్పి "మా అక్క ఇక్కడ ఆడిందా" అని చూసుకోవాలంటే బడిలో పుస్తకం ఉండాలి.

ఖర్చుకి మేం ఆరుగురం నెలకి తలో 50 రూపాయలు వేసుకుంటున్నాం. బస్సు చార్జీలకి, నోటుబుక్కులకి సరిపోతది. ఎవరినీ చందా అడగడం లేదు.

అడిగేది మనుషుల్ని. ఒక్కో మండలానికి ఇద్దరు, వీలైతే ఒక అక్క, ఒక అన్న. రాయడం రాకపోయినా పరవాలేదు. స్కోరూ పేర్లూ పంపితే వాక్యాలు మేం రాస్తాం. రంపచోడవరం, అడ్డతీగల, మారేడుమిల్లి, బుట్టాయిగూడెం మావాళ్ళు ఉన్నారు. మిగతా 12 మండలాలు ఖాళీ. మీ మండలం పేరు, మీ పేరు అడ్మిన్ అన్నకి విడిగా పంపండి. మీ బడి పీఈటీ సార్‌తో మాట్లాడి పోటీల తేదీ తెలియగానే చెప్పండి. జూన్ 12 లోపల జాబితా తయారైతే, ఆ తర్వాత మొదటి విజిల్ ఎక్కడ ఊదినా అక్కడ మనవాళ్ళు ఒకరు నోటుబుక్ పట్టుకుని కూర్చుని ఉంటారు.

జై ఆదివాసీ.