పరీక్ష తెరచిన వాకిలి

ప్రతి సంవత్సరం పరీక్ష రుసుము చెల్లించవలసిన రోజుల్లో ఒకరిద్దరు విద్యార్థులు నా దగ్గరకు వచ్చి, "ఇంట్లో కష్టంగా ఉంది సార్, చదువు మానేస్తాను" అని చెబుతుంటారు. ఈ ఏడు అలా వచ్చిన ఒక అబ్బాయికి చెప్పిన సంగతులనే ఇక్కడ అందరి కోసం వ్రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నేను నడిచిన త్రోవ ఉంది, ఆ త్రోవలో నాకు తగిలిన రాళ్లు ఉన్నాయి.

నా బాల్యం అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్‌లో గడిచింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. బడిలో చదువు ఉర్దూ మాధ్యమం. 2004లో నేను పదవ తరగతి ఉత్తీర్ణుడనయ్యేనాటికి అబ్బాకు చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించలేని స్థితి వచ్చింది. అమ్మీ బీడీలు చుట్టేది. ఆ సంపాదనతో ఇల్లు గడవదని తెలిసి అబ్బా కుట్టుమిషను ముందు నేను కూర్చున్నాను. నాలుగేళ్లు అక్కడే గడిచాయి.

మా దుకాణానికి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే తెలుగు పండితులు ఒకరు ఒకనాడు, "బేటా, ఇంటర్ చదవకపోయినా అర్హత పరీక్ష వ్రాసి బి.ఏ.లో చేరవచ్చు, తెలుసునా?" అన్నారు. ఆయన చెప్పినది అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం సంగతి. 1982లో హైదరాబాదులో వెలసిన ఆ సంస్థ మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. కరీంనగరు ప్రాంతంలోని హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూ మాధ్యమంలో చదివి, తెలుగు కవిగా కీర్తి గడించిన డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు కొంతకాలం దానికి ఉపకులపతిగా పనిచేశారు. ఈ సంగతి విన్నప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇంతింత కాదు.

2008లో ఆ అర్హత పరీక్షలో నెగ్గాను. వారమంతా మిషను, ఆదివారం తరగతులు. 2011లో బి.ఏ. పూర్తయింది. ఆదిలాబాదుకు చెందిన సామల సదాశివ గారు అమ్జద్ రుబాయీలను తెనిగించిన తీరు చూసిన తరువాత నా రెండు భాషలూ ఒకదానికొకటి అడ్డు కావని తెలిసింది. వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయంలో చేరి 2013లో తెలుగు ఎం.ఏ. పట్టా పొందాను.

అసలు రాయి అక్కడే తగిలింది. ఒక ఉద్యోగానికి దరఖాస్తు పట్టుకొని వెళ్తే, అక్కడి అధికారి నా కాగితాలు తిరగవేసి, "ఇంటర్ ఏదయ్యా? మధ్యలో మెట్టు లేదే!" అని దరఖాస్తు తిరిగి ఇచ్చేశారు. తొమ్మిదేళ్ల శ్రమ ఆ ఒక్క మాటతో తేలిపోయినట్లనిపించింది. కొన్ని నెలలు మళ్లీ మిషను ముందు కూర్చున్నాను. చివరకు ఓపెన్ స్కూలు ద్వారా ఇంటర్మీడియెట్‌కు రుసుము కట్టాను. "ఎం.ఏ. తరువాత ఇంటరా బేటా? మిద్దె కట్టి పునాది తవ్వినట్లుంది" అని అమ్మీ నవ్వింది. పరీక్ష హాలులో పర్యవేక్షకుడు విశ్వవిద్యాలయంలో నాకంటే ఒక సంవత్సరం వెనుక చదివిన మిత్రుడు. నన్ను చూసి ఒక్క క్షణం నిలిచి, ఏమీ అనకుండా ప్రశ్నాపత్రం నా ముందు పెట్టి వెళ్లాడు. ఆ మౌనానికి నేను నేటికీ కృతజ్ఞుణ్ణి.

తరగతిలో కూర్చోలేనివాడు పరీక్ష ద్వారా తన చదువును నిరూపించుకోవడం కొత్త విషయం కాదు. 1943లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు నడిపిన తెలుగు పరీక్షలు వ్రాసి ఎందరో భాషాపండితులయ్యారు. అమెరికాలో 1967 నుండి క్లెప్ అనే పరీక్షలు ఉన్నాయి. అక్కడి విద్యార్థి సొంతంగా చదువుకొని ఆ పరీక్షలో నెగ్గితే, వాటిని గుర్తించే కళాశాలలు ఆ విషయానికి క్రెడిట్లు ఇస్తాయి. వాటితో అతడు పై చదువుకు వెళ్లవచ్చు. మన దేశంలోనూ 2021లో క్రెడిట్ల బ్యాంకు వచ్చింది. ఒకచోట సంపాదించిన క్రెడిట్లను అందులో దాచుకొని మరొకచోటికి మార్చుకోవచ్చు. స్వయం కోర్సుల ద్వారా నలభై శాతం వరకు క్రెడిట్లు పొందే వీలు కూడా అదే సంవత్సరం విశ్వవిద్యాలయాలకు కలిగింది.

అయితే విద్యార్థులారా, వాకిలి తెరచి ఉన్నదని చెప్పినవారు అది ఏ గదిలోకి తెరుచుకుంటుందో చెప్పరు. రుసుము కట్టకముందే, మీరు ముందుముందు చేరదలచిన సంస్థ ఆ పరీక్షను గుర్తిస్తుందో లేదో వ్రాతపూర్వకంగా తెలుసుకోండి. ప్రతి మార్కుల పత్రమూ భద్రపరచండి. ఇంటర్ పూర్తిచేసే అవకాశం ఏ కొంచెమున్నా దాన్ని విడిచిపెట్టకండి. ఒంటరిగా చదివినవానికి పట్టా వస్తుంది గాని, పక్క బల్లమీది స్నేహితుడు రాడు. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఇటువంటి పరీక్షల ప్రకటనలను ఉర్దూలోనూ తెలుగులోనూ మన నోటీసు బోర్డుమీద ఉంచి, వారానికి ఒక గంట వివరించి చెప్పే ఏర్పాటు చేస్తే ఎందరికో మేలు జరుగుతుంది. ఆ గంట నేను కూర్చుంటాను. నాకు ఈ సంగతి చెప్పడానికి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి దొరికారు. అందరికీ అలా దొరకరు.

మొదట చెప్పిన అబ్బాయి గడువు చివరిరోజున వచ్చి రుసుము కట్టాడు. సగం తాను తెచ్చాడు, సగం తరగతి మిత్రులు పోగుచేశారు.