పెరటి కర్రకు టోపీ – కంటికి కాపలా

ఈ సాయంత్రం ఒక్కసారి మీ పెరట్లోకి వెళ్ళి, టమాటా మొక్కలకు ఊతంగా పాతిన కర్రల దగ్గర కాయ కోస్తున్నట్టు వంగి చూడండి. కర్ర కొన ఎక్కడికి వచ్చింది? సరిగ్గా మీ కంటికి ఎదురుగా! ఇంట్లో నాలుగైదేళ్ళ పిల్లలుంటే వాళ్ళు వంగనక్కరలేదు. మూడడుగుల కర్ర వాళ్ళ ముఖం ఎత్తుకే ఉంటుంది.

ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. నా కుడికన్ను చెప్పిస్తున్న మాట.

మాది గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో ఎడ్లపాడు. బడిపంతులు ఉద్యోగం విరమించాక పెరటి సేద్యం నాకు కాలక్షేపమైంది. పత్తి పండే ప్రాంతం కనుక ఊతకర్రలకు కొదవ లేదు. చేలో మిగిలిన పత్తి కట్టె తెచ్చి పాతేవాణ్ణి. ఒక సంక్రాంతి ముందు, ఆకుల చాటున ఎర్రగా కనిపించిన పండు కోసం వంగాను. కర్ర కొన కంట్లో గుచ్చుకుంది.

అంత పెద్ద కర్ర కనిపించలేదా అని మీరు అడగవచ్చు. పక్కనుంచి చూస్తే కర్ర బారెడు కనిపిస్తుంది. కొనవైపు నుంచి సూటిగా చూస్తే కనిపించేది ఒక చుక్క మాత్రమే. పైగా మన చూపు పండు మీద ఉంటుంది. రెప్ప వాలేలోపే దెబ్బ తగులుతుంది.

నీళ్ళతో కడిగాను. పక్కింటావిడ, "చనుబాలు రెండు చుక్కలు వేయించుకోండి మాస్టారూ, చల్లబడుతుంది" అన్నది. అది వద్దన్నాను గాని, అంతకంటే తెలివితక్కువ పని చేశాను. ఎప్పుడో కళ్ళు ఎర్రబడినప్పుడు వాడగా మిగిలిన చుక్కల మందు అలమరలో ఉంటే, అదే వేసుకున్నాను. ఎరుపు తగ్గింది. నొప్పీ తగ్గింది. నా వైద్యానికి నేనే మురిసిపోయాను. నాలుగోనాటికి నల్లగుడ్డు మీద జొన్నగింజంత తెల్లమచ్చ!

గుంటూరులో కంటి డాక్టరుగారు పుండును కొద్దిగా గీకి, సూక్ష్మదర్శినిలో చూసి, ఫంగస్ అన్నారు. అంటే బూజు. ఎండుకట్టె మీద ఉండే బూజు గీత పడిన చోట చేరి పెరిగింది. నేను వేసుకున్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది. అది ఎరుపును అణచి, లోపల బూజుకు బలమిచ్చింది. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా, మధ్యలో అర మిల్లీమీటరు మందం మాత్రమే. అలాంటి పొర మీద పుండు పడితే ఎంతటి ప్రమాదమో ఆలోచించండి. నాటామైసిన్ చుక్కలు మొదట గంటకొకసారి, తర్వాత విడతలుగా, మొత్తం ఆరువారాలు పట్టింది. కన్ను దక్కింది. కాని పువ్వు మిగిలింది. ఎడమకన్ను మూసుకుంటే రోడ్డు మీది బస్సు బోర్డు ఈనాటికీ చదవలేను.

ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు. 1994లో మధురైలో కార్నియా పుండుతో వచ్చిన 434 మందిని మూడు నెలలపాటు పరిశీలిస్తే, పరీక్షలో సూక్ష్మజీవి బయటపడినవారిలో దాదాపు సగం మందికి కారణం ఫంగస్ అని తేలింది. ఇక ఆశాజనకమైన మాట వినండి. నేపాల్‌లోని భక్తపూర్‌లో కార్నియా గీసుకుపోయినవారికి ఊళ్ళోని ఆరోగ్య కార్యకర్తలే వెంటనే యాంటీబయాటిక్ లేపనం వాడారు. 2001లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, 18 గంటల లోపు చికిత్స మొదలైన వారిలో ఒక్కరికీ పుండు పడలేదు. నేను పోగొట్టుకున్నవి ఆ గంటలే.

కోలుకున్నాక పెరట్లో ప్రతి కర్రకూ టోపీ పెట్టే పని చేపట్టాను. మొదట పాత కలం మూతలు తొడిగాను. మా ఆవిడ చూసి, "ఇదీ కంట్లో పట్టేట్టే ఉందిగా!" అన్నది. నిజమే. కంటిగుంట సుమారు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు. టోపీ అందులో పట్టనంత పెద్దదిగా, అంటే బత్తాయి అంతైనా ఉండాలి. చిల్లుపడిన రబ్బరు బంతికి గాటు పెట్టి తొడగండి. తెల్లని ప్లాస్టిక్ పెరుగు డబ్బా అయితే లోపల గుడ్డ కూరి, తాడుతో కట్టండి. అన్నిటికంటే చౌక కొబ్బరి చిప్ప. కళ్ళున్న చిప్ప తీసుకుని, మెత్తని కన్ను పొడిచి, ముడివేసిన పురికొస పైనుంచి లోపలికి దించండి. లోపల గుడ్డ కూరి కర్ర మీద బోర్లించి, పురికొసను కర్రకు బిగించండి.

కొన్ని జాగ్రత్తలు. చిప్ప వెల్లకిలా ఉండకూడదు. వాననీరు నిలిస్తే వారం పదిరోజుల్లో డెంగ్యూ దోమలు తయారవుతాయి. తెల్లగా కనబడాలని సున్నం పూయకండి. సున్నం కంట్లో పడితే కర్ర దెబ్బను మించిన ప్రమాదం. మిగిలిన రంగు పూయండి. గాజు సీసాలు వద్దు, పగులుతాయి. పురుగుమందు డబ్బాలు, మూతలు ఎంత కడిగినా వద్దు.

ఇంత చేసినా దెబ్బ తగిలితే కన్ను నలపకండి. గీసుకున్నట్టుంటే శుభ్రమైన నీటితో కడగండి. పుల్ల గుచ్చుకుని ఉంటే లాగవద్దు, కడగవద్దు. కంటిని నొక్కకుండా పైన కాగితపు కప్పు బోర్లించి తక్షణం ఆసుపత్రికి వెళ్ళండి. చనుబాలు, ఆముదం, ఆకుపసరు, మిగిలిపోయిన చుక్కలు, ఇవేవీ వేయకండి. నొప్పి తగ్గినా సరే, ఆ రోజే కంటి వైద్యునికి చూపించండి.

సెలవులకు వచ్చిన మా మనవరాలు మొన్న ఆ కర్రల మధ్యే పరుగెత్తింది. ఒక చిప్ప దాని చెంపకు తగిలి పక్కకు ఒరిగింది. అది నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆ చిప్పను మళ్ళీ సరిచేసి కట్టాను. మీరూ ఈ పూటే కట్టండి.