మా కారు చప్పుడు

ఇంజను సంగతి స్త్రీల కేల యని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. పొయ్యిమీది యెసరు చప్పుడును బట్టి నీరు చాలినదో లేదో చెప్పగల మనకు ఇంజను చప్పుడుమాత్రము తెలియక పోవునా? తెలియును. తెలిసినను నోరు విప్పి చెప్పము. ఆ తప్పే నేనును చేసితిని.

మావారు 2002వ సంవత్సరమున నొక కారు కొనిరి. చూచుటకు సామాన్యమైనదే కాని మిక్కిలి వేగము గలది. నాలుగు సిలిండర్లు, 16 కవాటములు. మేస్త్రీలు వాల్వులని పిలుచునవి యివియే. వీనిలో సగము గాలిని, పెట్రోలును లోనికి రానిచ్చును. తక్కిన సగము కాలిన పొగను వెలికి పంపును. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనునకు 50 మారులు తెరచి మూసికొనును. ఏలూరు రోడ్డుమీద ఆ యింజను ధ్వని వినుట మావారికి పండుగ. నాకు బండి నడుపుట నేర్పినదియు ఆయనయే. 2016లో ఆయన మమ్ము విడిచి పోయిరి. కారు నాకు మిగిలినది.

2018 చలికాలమున, ఉదయము బండి తీయగానే కుట్టుమిషను వలె టిక్కుటిక్కుమని చప్పుడు మొదలయ్యెను. కొంతదూరము పోయి యింజను వేడెక్కినపిదప తగ్గును. మరునాడు మరల వచ్చును. విజయవాడ ఆటోనగరులో నొక షెడ్డునకు తీసికొనిపోగా, "ట్యాపెట్ల చప్పుడమ్మా, బిగిస్తే పోతుంది" అనిరి. వేడెక్కిన తరువాత తగ్గుచున్నదని చెప్పబోతిని. ఎవరును వినిపించుకొనలేదు, నేనును ఊరకుంటిని. రెండుమారులు బిగించిరి. చప్పుడు కొంత తగ్గెనే గాని పోలేదు.

నెల తిరుగకముందే బండి నిలిచియున్నప్పుడు ఇంజను వణకసాగెను. వెనుకటి బలము లేదు. "అమ్మా, ఇంజను పోయింది. అమ్మేద్దాం" అని మా అబ్బాయి అనెను. వాని మాటలో తప్పు లేదు. ఐనను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెలిసినవారి మాటమీద మరియొక వృద్ధ మేస్త్రీకడకు పోయితిని. ఆయన బానెటు ఎత్తకముందే, "చప్పుడు ఎప్పుడొస్తుంది అమ్మగారూ? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినాకా?" అని యడిగెను. నన్ను ఆ ప్రశ్న అడిగినవా రదివరకు లేరు. నాకు తెలిసినదంతయు చెప్పితిని. బండిని రాత్రి అక్కడనే యుంచి పొమ్మనెను.

మరునాటి యుదయము చల్లని యింజనును నడిపించి, ఒక రబ్బరుగొట్టపు కొనను చెవియొద్ద నుంచుకొని రెండవకొనను ఇంజను చుట్టును త్రిప్పెను. వాల్వులపై మూతకడ చప్పుడు స్వల్పము. చివరి సిలిండరునుండి పొగగొట్టము బయలుదేరు చోట ఎక్కువ. అక్కడ నల్లని మసి కూడ పట్టియున్నది. ఆ సిలిండరునకు నిప్పురవ్వ నిచ్చు తీగను క్షణకాలము తొలగింపగా చప్పుడు అణగెను. "వాల్వు చప్పుడైతే ఇలా ఆగదమ్మా. ఇది పొగ కారే చప్పుడు" అనెను. అచ్చటి గ్యాస్కెట్టు చినిగినది. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసికొనుటచేత చప్పుడు తగ్గుచుండెను.

మరి వణకుట యేల? సిలిండర్ల ఒత్తిడి కొలిచిరి. మూడింటిలో 12 కిలోలకు పైగా నున్నది. మూడవదానిలో 7 మాత్రమే. దానిలో కొంచెము ఆయిలు పోసి మరల కొలిచినను పెరుగలేదు. పిస్టను రింగులు అరిగినచో పెరిగియుండెడిది. కనుక దోషము వాల్వునదే. మా యింజనులో పొగవాల్వుపైన 0.25 మిల్లీమీటర్ల సందు ఉండవలెను. ఫీలరుగేజిలోని మిక్కిలి పలుచని రేకు కూడ అక్కడ దూరలేదు.

వేడికి వాల్వు కాడ పొడవగును. అందుకే ఆ సందు. అది లేనిచో వాల్వు పూర్తిగా మూసికొనదు. మూసికొన్నప్పుడే అది తన వేడిని తాను కూర్చుండు పీఠమునకు ఇచ్చి చల్లబడును. మూసికొననిది కాలును. హెడ్డు విప్పి చూడగా వాల్వు అంచు ఒకచోట కాలి తరిగిపోయియున్నది. గ్యాస్కెట్టు చేసిన చప్పుడునకు శిక్ష వాల్వు అనుభవించినది.

వాల్వు మార్చి, పీఠము నూరి, క్రొత్త గ్యాస్కెట్లు వేసి, చల్లని యింజనుమీద సందులన్నియు కొలిచి సరిచేసిరి. ఇప్పుడును ఉదయమున చెవియొగ్గిన సన్నని టిక్కుటిక్కు వినవచ్చును. అది కూడ పోదా యని యడిగితిని. "చప్పుడు చేసే వాల్వు బతికి ఉంటుందమ్మగారూ. అసలు చప్పుడు చెయ్యనిదాన్నే కనిపెట్టి చూసుకోవాలి" అని ఆయన నవ్వెను.

ఆ మాట నాకు ఇంజనును మించిన సంగతులను కూడ జ్ఞాపకము చేసినది. మొదటి షెడ్డులోనే నేను పట్టుపట్టి చెప్పియుండినచో ఒక గ్యాస్కెట్టుతో పోయెడిది.

సోదరీమణులారా, మీ బండి చప్పుడు చేసినచో అది చల్లగానున్నప్పుడో వేడెక్కినపుడో, ఇంజను వేగముతోబాటు హెచ్చునో లేదో గమనించి మేస్త్రీకి చెప్పుడు. కొలువకుండ బిగింపనీయకుడు. ఒకమారు చెప్పి వినకున్నచో, రెండవమారు చెప్పుడు.