చేపల ఉపాసం

దసరా ముందు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర హనుమకొండ బస్సు కోసం నిలబడ్డవాళ్ల ముఖాలు చూస్తే వాళ్ల మనసులో ఏముందో చెప్పేయొచ్చు. గ్యాస్ కట్టేశామా? తాళం సరిగ్గా పడిందా? 2023లో స్కైవాక్ వచ్చాక ఇక్కడ రోడ్డు దాటే గండం తప్పింది గానీ ఈ బెంగ తప్పలేదు. మాకు వీటితోపాటు ఇంకొకటుంది: నాచారంలో, మూడో అంతస్తులో, గాజుతొట్టిలో తొమ్మిది గోల్డ్‌ఫిష్ చేపలు.

కుక్కనైతే చుట్టాలింట్లో దింపిరావచ్చు. మొక్కలకైతే వాచ్‌మన్ నీళ్లు పోస్తాడు. తొట్టిని మాత్రం కదిలించలేం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా నింపినా 56 లీటర్లే, మూడు మంచినీళ్ల క్యాన్లకు ఇంకా తక్కువ. అంత చిన్న లోకం పాడవడానికి ఎంతో సమయం పట్టదని మొదటి దసరాకే తెలిసొచ్చింది.

ఆ ఏడు పండక్కి ఇల్లు దులిపినట్టు తొట్టినీ దులిపాను. గులకరాళ్లు తోమాను. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి, మురికి పోయేదాకా పిండాను. మేత డబ్బా ఎదురు ఫ్లాట్ ఆంటీ చేతికిచ్చి, "పూటకు చిటికెడు" అని చెప్పి బస్సెక్కాం. ఐదు రోజులకు తిరిగొచ్చి చూస్తే నీళ్లు బియ్యం కడుగులా ఉన్నాయి. నాలుగు చేపలు లేవు. డబ్బా ఖాళీ. ఆంటీ కళ్లనిండా నీళ్లు. "ఎంత ఏసినా పైకొచ్చి నోళ్లు తెరుస్తనే ఉన్నయి బాబూ. పాపం, ఆకలి తీరలేదేమో అని ఇంకింత ఏసిన."

ఆమె ఆకలి అనుకున్నది ఆయాసం. తినగా మిగిలిన మేత అడుగున కుళ్లి, నీళ్లలోని ఆక్సిజన్‌ని తాగేస్తుంది, అమ్మోనియాని వదులుతుంది. ఊపిరాడని చేప నీటి పైపొరలో ఉన్న కాస్త గాలి కోసం పైకొచ్చి నోరు తెరుస్తుంది. నోరు తెరిచిందని మేత వేస్తే ఊపిరి ఇంకా బిగుస్తుంది. ఆ అమ్మోనియాని విరిచి అంత హాని చెయ్యని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఫిల్టర్ స్పాంజిలోనే. నేను మురికి అనుకుని పిండి పారేసింది వాటినే! పైగా మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకు క్షారగుణం ఎక్కువ. అలాంటి నీళ్లలో అమ్మోనియా విషం ఇంకా పదునెక్కుతుంది. కాబట్టి ఆ నాలుగు చేపల లెక్కలో ఆంటీ వాటా కంటే నా వాటాయే పెద్దది.

గోల్డ్‌ఫిష్‌కు అసలు కడుపే ఉండదని ఆ తర్వాత తెలిసింది. గొంతు దిగిన మేత నేరుగా పేగులోకే పోతుంది. మనం పులుసు పెట్టుకునే బొచ్చె, రవ్వలదీ అదే వంశం, అదే కథ. చేప నోరు తెరిచిందని వేస్తూనే పోకూడదు. వేసేవాళ్లే ఆగాలి. చేపకు ఒంటిని వెచ్చగా ఉంచుకునే ఖర్చు లేదు గనుక ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న చేప వారం రోజులు పస్తుండగలదు. కైకలూరు వైపు చేపపిల్లల్ని ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో దూరాలకు పంపేవాళ్లు ముందు వాటిని పస్తుంచుతారు, దారిలో నీళ్లు పాడవకుండా. ప్రయాణం చేపలదైనా మనదైనా సూత్రం ఒకటే.

ఇప్పుడు మా ఏర్పాట్లు చిన్నవి. బయల్దేరడానికి రెండు రోజుల ముందు పావు వంతు నీళ్లు తీసి, క్లోరిన్ పోయేలా రాత్రంతా మూత లేకుండా ఉంచిన నల్లా నీళ్లు పోస్తాం. స్పాంజిని ముట్టుకోం. మరీ పూడుకుపోతే వారం ముందే, తొట్టిలోంచి తీసిన నీళ్లలో ఒక్కసారి పిండుతాం. లైటు ఆర్పేస్తాం. ఫిల్టర్, గాలి పంపు ఇన్వర్టర్ ప్లగ్గులో ఉంటాయి. వారం దాటే ప్రయాణమైతేనే ఆంటీకి పని. సోమ, మంగళ అని గదులున్న నాన్న మాత్రల డబ్బాలో రోజు విడిచి రోజు గదికి ఆరేడు పలుకులు వేసి ఇస్తాం. అసలు డబ్బా బీరువాలో దాస్తాం. ఎండాకాలంలో మాత్రం జాగ్రత్త ఎక్కువ. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్ 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. అందుకే మే నెలలో రెండ్రోజులు దాటితే రోజూ ఎవరో ఒకరు వచ్చి బుడగలు వస్తున్నాయో లేదో చూడాల్సిందే.

ఇదంతా మా అమ్మకు చెప్పడమే కష్టం. ఊళ్లో, నా పళ్లెంలో మూడోసారి మటన్ వేస్తూ అడిగింది:

"మరి చేపలకు ఎవలు ఏస్తరు?"

"ఎవలు ఏయరమ్మా. ఐదు రోజులు ఉపాసమే."

గరిటె గాల్లోనే ఆగిపోయింది. "పండుగ పూట ఉపాసమా! నోరులేని జీవాలురా. పాపం తగుల్తది."

అమ్మకు ప్రేమ అంటే వడ్డన. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వేస్తుంది. ఆంటీ చేసిందీ అదే. నేనూ ఆ అమ్మ కొడుకునే గనుక పెట్టకుండా ఉండటం నేర్చుకోవడానికి నాలుగు చేపలంత ఖర్చయింది.

ఈసారి తిరిగొచ్చి తలుపు తీయగానే పిల్లలు చెప్పులైనా విప్పకుండా తొట్టి దగ్గరికి పరుగెత్తారు. నీళ్లు తేటగా ఉన్నాయి. తొమ్మిదీ అద్దానికి ముక్కులు ఆనించి తోకలాడించాయి. అంతలో అమ్మ ఫోన్. "చేరిండ్రా? చేపలకు ఏసినవా?"

నాలుగు పలుకులు నీళ్లలో రాల్చాను. "ఏసినమ్మా. కడుపునిండ తిన్నయి."

కడుపు సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.