ఆ మెయిల్ ఎందుకు రాలేదు?

గచ్చిబౌలిలో ఒక ఏసీ గదిలో కూర్చుని ఇతర కంపెనీల కంప్యూటర్లకు కాపలా కాయడం నా ఉద్యోగం. వాళ్ల సర్వర్లు, మెయిళ్లు, ఫైర్‌వాల్‌లు రాసుకునే లాగ్స్ మా స్క్రీన్ల మీదికి రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి. మా విభాగాన్ని సాక్ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) అంటారు. పెళ్లిళ్లలో బంధువులు "హ్యాకర్లను పట్టుకుంటావటగా!" అంటారు. నేను ఎక్కువగా పట్టుకునేది దుబాయ్ వెళ్లి ఆఫీసు మెయిల్ తెరిచిన సేల్స్ మేనేజర్లని, సెలవుల నుంచి వచ్చి పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లని.

అసలు చొరబాటు అంత తేలిగ్గా కంటపడదు. డబ్బు కట్టమని స్క్రీన్ మీద నోటీసు వచ్చిందంటే, అప్పటికే దొంగ లోపల తిరిగి, ఫైళ్లు కాపీ చేసుకుని, బ్యాకప్‌లు చెరిపేసి ఉంటాడు. అంతకుముందు మన చేతికి దొరికేవన్నీ చిల్లర సంగతులే.

విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే క్లయింటు ఒకరున్నారు. ఒక రాత్రి వాళ్ల అకౌంట్స్ మేడమ్ మెయిల్‌లోకి విదేశీ అడ్రసు నుంచి లాగిన్ అయినట్టు అలర్ట్ వచ్చింది. లాగ్‌లో టైము 21:10. అది యూటీసీ, అయిదున్నర గంటలు కలిపితే మనకు తెల్లవారుజాము 2:40. పాస్‌వర్డ్ మొదటిసారికే సరిగ్గా పడింది. రెండు మూడు తప్పులు కొట్టి లోపలికొచ్చేది సాధారణంగా సొంతదారే. దొంగిలించినవాడు కాపీ చేసి అతికిస్తాడు కాబట్టి తప్పు పోదు.

ఆ సెషన్ తెంచేసి, పొద్దున్నే ఆవిడకు ఫోన్ చేశాను. "మేడమ్, రాత్రి రెండున్నర దాటాక మెయిల్ చూశారా?"

"అయ్యో, ఆ టైముకి నేనెందుకు చూస్తాను బాబూ!" అని, కాస్త ఆగి, "వారం నుంచి నా మెయిల్ తేడాగానే ఉంది. సప్లయరు బిల్లు పంపానంటాడు, నాకు రాదు. మా ఐటీ అబ్బాయికి చెప్తే రీస్టార్ట్ చెయ్యమన్నాడు" అంది.

వెంటనే ఆవిడ మెయిల్ సెట్టింగ్స్‌లో రూల్స్ తెరిచాం. ఆవిడ పెట్టని రూల్ ఒకటి ఉంది. దానికి పేరంటూ లేదు, పేరుండాల్సిన చోట ఒక చుక్క. సప్లయరు అడ్రసు నుంచి పేమెంట్, ఇన్వాయిస్, బ్యాంక్ అనే మాటలతో వచ్చే ప్రతి మెయిల్‌నూ చదివేసినట్టు మార్చి, ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ ఫోల్డర్‌లో పడెయ్యడం దాని పని. ఆ ఫోల్డర్ జోలికి ఎవరూ పోరు, అందుకే దొంగలకు అదంటే ఇష్టం. తెరిస్తే సప్లయరు బిల్లులు, ఆవిడ పేరుతో వాడు రాసిన జవాబులు కనిపించాయి. ఇన్‌బాక్స్‌లో మాత్రం ఒక 'సవరించిన బిల్లు' ఉంది. పంపినవారి అడ్రసులో ఒక్క అక్షరం తేడా, కింద కొత్త బ్యాంకు ఖాతా నంబరు. డబ్బు ఆ మధ్యాహ్నమే వెళ్లాల్సింది. సప్లయరు పాత ఫోన్ నంబరుకు చేసి కనుక్కుంటే, తాము ఖాతా మార్చనే లేదని చెప్పాడు. పేమెంట్ ఆగింది.

వారంపాటు మా సాఫ్ట్‌వేర్ నోరు మెదపలేదు. మొదట్లో వాడు మన దేశపు అడ్రసుల నుంచే వచ్చాడు మరి. తేడా ముందుగా తెలిసింది రోజూ ఆ మెయిల్ వాడే మనిషికి. ఇలాంటప్పుడు పాస్‌వర్డ్ మారిస్తే చాలనుకుంటారు. చాలదు. తెరిచి ఉన్న సెషన్లన్నీ తెంచాలి, ఓటీపీ వెళ్లే ఫోన్ల జాబితా చూడాలి. 2020లో ఫైర్‌ఐ అనే సైబర్ భద్రతా సంస్థ తన ఇంట్లో పడ్డ దొంగను పసిగట్టింది అలాంటి జాబితాతోనే: ఒక ఉద్యోగి ఖాతాకు రెండో ఫోన్ జతైంది. ఆ తీగ లాగితే, సోలార్‌విండ్స్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ద్వారా జరిగిన చొరబాటు డొంకంతా కదిలింది.

చిన్న తేడాను వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంకులో, బ్యాంకుల మధ్య చెల్లింపులకు వాడే స్విఫ్ట్ మెసేజ్‌లు అచ్చువేసే ప్రింటర్ ఆగిపోయింది. మామూలు రిపేరే అనుకున్నారు. ఆ సందులో 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరాయి. 2024లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మాత్రం, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని పట్టుబట్టి వెతికాడు. లైనక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడింది.

విండోస్ సర్వర్లలో మేం వెతికేవి కొన్ని నంబర్లు. 4625 విఫలమైన లాగిన్, 4624 సఫలమైనది. వందల 4625ల వెనక ఒక 4624 వస్తే కాఫీ పక్కన పెట్టి చూస్తాం. 1102 అంటే సెక్యూరిటీ లాగ్‌ను ఎవరో తుడిచేశారని. నిమిషానికోసారి గడియారం కొట్టినట్టు ఒకే బయటి అడ్రసుకు పోయే చిన్న కనెక్షన్ కూడా అనుమానమే. మనిషి అంత క్రమంగా నెట్ చూడడు. ఇవన్నీ నేర్చుకోవచ్చు. కానీ ఫలానా కంప్యూటర్‌కు ఏది మామూలో మాకంటే దాని ముందు కూర్చునేవాళ్లకే బాగా తెలుసు. లక్షలు పోసి కొన్న డ్యాష్‌బోర్డు కంటే, "నాకు మెయిల్ రావట్లేదు" అన్న ఫిర్యాదును పుస్తకంలో రాసుకునే ఐటీ అబ్బాయే నా దృష్టిలో మేలు.

ఇది చదువుతున్నవాళ్లు ఇవాళే మీ మెయిల్ రూల్స్, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా ఒకసారి తెరిచి చూడండి. మీవి కానివి కనిపిస్తే ముందు ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాతే తొలగించండి. ఆఫీసు కంప్యూటర్ మీద అనుమానం వస్తే నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, కానీ పవర్ తీయకండి. తీస్తే మెమరీలోని ఆధారాలు పోతాయి. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోగా సంస్థలు వాళ్లకు తెలియజేయాలి. డబ్బు పోతే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.